బానెట్ మీద పసుపు

ఆటోనగర్, విజయవాడ
బుధవారం

ప్రియమైన నాన్నకు,

వీడియో కాల్ చేస్తే పోయేదానికి రోజూ బస్సులో వచ్చిపోయే ఎలీషా బావ చేతికి ఉత్తరమిచ్చి పంపడమేంటని విసుక్కుంటావని తెలుసు. ముప్పై ఏళ్ళు టింకరింగ్ సుత్తి మోతలో నిలబడి చెవులు పోగొట్టుకున్నావు గానీ, ఎదుటి మనిషి పెదాలు చూసి మాట పట్టుకోవడంలో నిన్ను మించినవాళ్ళు లేరు. మాటే కాదు, మాట వెనకాల దాచుకున్నది కూడా చదివేస్తావు. ఇవాళ నా మొహం నీకు చూపించే ఓపిక నాకు లేదు. పోనీ వాట్సాప్‌లో పెడదామా అంటే నీ ఫోన్ ఎప్పుడూ జెస్సికా అక్క చేతిలోనే ఉంటుంది. నువ్వు చదివేలోపు తను చదివి, కూచిపూడిలో సగం మందికి చెప్పి, నాకు ఫోన్ చేసి ఏడుస్తుంది. అందుకని కాగితం.

సూటిగా చెప్తా. షెడ్డుకి కంప్లయింట్ వచ్చింది. "ఏడాది టైమిస్తున్నా. నీ చేతి పని మీద ఒక్క మాట వచ్చినా తాళం నా చేతిలో పెట్టు, టైర్ల గోడౌన్ వాళ్ళకి ఇచ్చేస్తా" అని నువ్వన్న మాట నేను ఒక్క రోజు కూడా మర్చిపోలేదు. ఇప్పుడు పదకొండో నెల నడుస్తోంది. మాట వచ్చింది, నిజమే. కానీ అది నా చేతి పని మీద వచ్చింది కాదు నాన్నా. కోప్పడకుండా చివరిదాకా చదువు.

తోట్లవల్లూరు దగ్గర కృష్ణా నది లంకల్లో పసుపు పండించే బసవపున్నయ్య గారని ఒక పెద్దాయన ఉన్నారు. అరవై దాటాక మొదటిసారి కారు కొనుక్కున్నారు. తెల్ల కారు, పాల నురగ రంగు. కొండ మీద అమ్మవారి దగ్గర వాహన పూజ చేయించి, బానెట్ మీద పెద్ద స్వస్తిక గుర్తు వేయించారు. అది కూడా కొట్లో కొన్న పసుపుతో కాదు, సొంత చేలో పండిన పసుపు ఇంటి నుంచి తీసుకెళ్ళి, అక్కడే తడిపి పెట్టించారట. ఆ తర్వాత మూడు రోజులు ఇంట్లో కవర్ కప్పి ఉంచి, మంగళవారం పొద్దున మన దగ్గరికి పంపారు. ఎండకీ దుమ్ముకీ రంగు పాడవకుండా స్ప్రే కోటింగ్ కొట్టమన్నారు. అదే, నువ్వు "సీసాలో నీళ్ళు" అని వెక్కిరిస్తావే, అది. అది నీళ్ళు కాదు. బండి శుభ్రంగా కడిగి, చుక్క తడి లేకుండా ఆరబెట్టి, రేకు చల్లబడ్డాక మెత్తటి గుడ్డ మీద కొట్టి పలచగా పాముతాం, వెంటనే ఇంకో పొడి గుడ్డతో తుడుస్తాం. ఆరితే కంటికి కనపడని పొర అవుతుంది. దాని మీద దుమ్ము నిలవదు, నీళ్ళు నిలవవు. కింద మచ్చ గానీ ఉందా, దాన్నీ అలాగే పట్టేసుకుంటుంది.

మన షెడ్డు రూలు ఆటోనగర్ మొత్తానికి తెలుసు కదా. బండి మీద బొట్టుంటే ముందు ఓనరు తన చేత్తో తుడవాలి, ఆ తర్వాతే మనం గుడ్డ పట్టుకోవాలి. నువ్వు పెట్టిన రూలు. పెద్దాయన సాయంత్రం వచ్చి తుడుస్తానన్నారు. మధ్యాహ్నం నేను బ్యాంకు పని మీద అరగంట బయటికెళ్ళాను. వచ్చేసరికి లాజరు బాబాయ్ బానెట్ మీది పసుపు తనే తుడిచేసి, స్ప్రే కూడా కొట్టేశాడు. పైన ముద్ద పోయింది గానీ అడుగున పసుపు చార అలాగే ఉండిపోయింది. బయట వెలుతురులోకి తీస్తే నిగనిగలాడే పొర కింద స్వస్తిక గుర్తు సగం చెరిగి, సగం నిలిచి కనపడింది. పెద్దాయన కొడుకు బాబీ వచ్చి చూసి పెద్ద గొడవ చేశాడు. బాబాయ్‌ని ఇక పనిలోకి రావద్దన్నాను. తప్పలేదు నాన్నా. కారు ఎండ తగలకుండా లోపల పెట్టి కవర్ కప్పాను. రెండు మూడు రోజుల్లో ఏదో ఒకటి చేస్తాను.

ఆయనతో ఇరవయ్యారేళ్ళ స్నేహం, నీకు కష్టంగానే ఉంటుంది. అయినా మనుషులకి వయసొస్తుంది, కళ్ళు ఆనవు, చెప్పింది గుర్తుండదు. దాన్ని నా లెక్కలో వెయ్యొద్దని మాత్రం అడుగుతున్నా. షెడ్డు నాకు ఉంచు.

నీ చిన్న కూతురు,
వినీల

*

ఆటోనగర్
శుక్రవారం

నాన్నా,

మొన్నటి ఉత్తరం నీ దగ్గరుంటే చించెయ్. వద్దులే, ఉంచు. దాని పక్కన ఇది పెట్టి చదువు.

బానెట్ తుడిచింది నేను. స్ప్రే కొట్టింది నేను. బ్యాంకు లేదు, ఏమీ లేదు, నేనెక్కడికీ వెళ్ళలేదు. ఈ మూడు మాటలు రాయడానికి పొద్దుటి నుంచి నాలుగు కాగితాలు పాడుచేశాను.

మంగళవారం ఒంటిగంటప్పుడు బాబాయ్ అన్నానికి వెళ్తూ, "అమ్మాయ్, పెద్దాయన వచ్చేదాకా బానెట్ ముట్టుకోమాక" అన్నాడు. "తెలుసు బాబాయ్, రోజూ పాఠం చెప్పక్కర్లేదు" అన్నాను. అంత పెడసరంగానే అన్నాను. ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. ఐదు నిమిషాల్లో బాబీ ఫోన్. "నాన్న రావట్లేదండీ, నేనే వస్తన్నా. రెండున్నరకల్లా బండి కావాలి, గన్నవరంలో ఫంక్షనుంది, లేటు చేస్తే మాత్రం ఊరుకోను" అన్నాడు. బొట్టు మీరొచ్చి తుడవాలండీ అని ఒక్క మాట అనుంటే పోయేది. అనలేదు. రూలు అని చెప్తే ముసలివాళ్ళ చాదస్తం అనుకుంటాడేమో, ఈ అమ్మాయికి పని రాదనుకుంటాడేమో అని నా భయం. తడిగుడ్డతో తుడిచాను. షాంపూ పెట్టి రెండుసార్లు రుద్దాను. పసుపు పలచబడింది గానీ పోలేదు. షెడ్డులో లైటు పసుపు రంగులో ఉంటుంది కదా, ఆ వెలుగే అలా కనపడుతోందని నాకు నేనే చెప్పుకున్నాను. నాకు తెలుసు నాన్నా, అది వెలుగు కాదని నా చేతికి తెలుసు. టైమ్ చూసుకుని స్ప్రే కొట్టేశాను.

బాబీ వచ్చి కారు బయటికి తీయించాడు. ఎండలో బానెట్ చూసి కేక పెట్టాడు. "ఎవరండీ మా స్వస్తిక్ తుడిచింది?" అన్నాడు. అప్పుడే బాబాయ్ గేటు దగ్గర కనపడ్డాడు, చేతిలో టిఫిన్ క్యారేజీతో. నేను "లాజరు" అన్నాను.

బాబాయ్ అని కూడా అనలేదు. లాజరు అన్నాను.

ఆయన ఆగిపోయి నా వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. బాబీ వెళ్ళి ఆయన కాలర్ పట్టుకున్నాడు. "మా అమ్మవారి బొట్టని తెలిసే చెరిపావు కదూ! మీ గుణదల మాత కొండకి మేమూ వస్తాం, కొవ్వొత్తులు పెడతాం, ఏనాడైనా మీ దేవతని ఒక మాటన్నామా?" అని అరుస్తున్నాడు. చుట్టుపక్కల షెడ్లవాళ్ళందరూ వచ్చి నిలబడ్డారు. బాబాయ్ "తప్పైపోయింది బాబూ" అన్నాడు. అంతే. క్యారేజీ బెంచీ మీద పెట్టి, ఏప్రాన్ విప్పి మేకుకి తగిలించి వెళ్ళిపోయాడు. నేను రావద్దన్నానని కూడా అబద్ధమే రాశాను. నేనేమీ అనలేదు.

ఎందుకన్నానో నీకు చెప్పాలి. పదకొండు నెలల నుంచీ నువ్వు పంపే ప్రతి మెసేజ్‌లో ఒకటే మాట, "లాజరుని అడుగు". కొత్త మెషీన్ కొనాలంటే లాజరుని అడుగు. షట్టరుకి రంగు వెయ్యాలంటే లాజరుని అడుగు. హైదరాబాద్ వెళ్ళి పని నేర్చుకొచ్చింది నేను, పొద్దున ఎనిమిదింటికి తాళం తీసేది నేను, ఒక్కసారైనా "బాగా చేశావమ్మా" అన్నావా? చిన్నప్పుడు నేను స్ప్రే గన్ పట్టుకుంటే లాక్కుని ఆయన చేతికిచ్చావు. ఆ రోజు నుంచీ నాకు ఆయన మీద లోపల్లోపల మంట. ఆయన ఏ తప్పూ చెయ్యకపోవడం ఇంకా మంట. అందుకే ఆ పేరు అంత సులువుగా నోట్లోంచి వచ్చేసింది.

నిన్న శౌరమ్మ పిన్ని క్యారేజీ కోసం వచ్చింది. బుధవారం పొద్దున బాబాయ్ చేతిసంచీ పట్టుకుని వెళ్ళాడట, ఎక్కడికో చెప్పలేదట, ఫోన్ ఆపేశాడట. "ఏం జరిగింది తల్లీ? ఎంత అడిగినా నోరు విప్పలా. నీ మీద మాత్రం ఒక్క మాట అన్లేదమ్మా, పిల్ల భయపడుంటది, ఒకసారి వెళ్ళి చూసి రా అన్నాడు" అంది. క్యారేజీ ఇవ్వడానికి నా చేతులు లేవలేదు. తర్వాత ఇస్తానని చెప్పి పంపేశాను.

ఇంతలో బాబీ ఫోన్. ఆదివారం పదింటికి వస్తాడట. వాళ్ళ నాన్నకి ఇంకా తెలియదట, పని అవ్వలేదని చెప్పి ఆపాడట. "మచ్చ పోవాలి. ఆ ముసలాయన మనుషుల ముందు ఆ కారు ముందు మోకాళ్ళమీద పడి దణ్ణం పెట్టాలి. లేదంటే మీ షెడ్డు ముందు టెంటు వేసుకుని కూర్చుంటాం" అన్నాడు. మచ్చ మీద నాకు తెలిసిన లిక్విడ్లన్నీ వాడాను. కవర్ ఎత్తి చూడ్డం, మళ్ళీ కప్పడం, ఇదే పని. అది పోవడం లేదు నాన్నా. అది పోయినా బాబాయ్‌ని ఆ కారు ముందు ఎలా నిలబెడతాను? ఆయన పిలిస్తే వచ్చేస్తాడు, అదే నా భయం.

షెడ్డు తాళం ఈ ఉత్తరంతో పాటే పెడుతున్నా. నా దగ్గర ఇంకో తాళం ఉంది, ఆదివారం దాకా తెరవడానికి. ఆ తర్వాత గోడౌన్ వాళ్ళకి ఇచ్చెయ్. బాబీకి మాత్రం నిజం నేనే చెప్తాను. రాశానే గానీ, చెప్పగలనో లేదో ఇప్పటికీ తెలియదు.

వినీల

*

కూచిపూడి
శనివారం పొద్దున

వినీలకు నాన్న రాయునది.

నాకు పొడుగు ఉత్తరాలు రావు. బావ బస్సు టైమయ్యేలోపు అయినంత రాస్తాను.

నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే అది అబద్ధమని తెలిసింది. చూడ్డానికి నీ మొహం అక్కర్లేకపోయింది. లాజరు బొట్టు తుడిచాడంటే నేను నమ్మను. ఎందుకు నమ్మనో కింద చెప్తాను.

లాజరు ఎక్కడున్నాడో అని వెతక్కు. బుధవారం మధ్యాహ్నం నుంచి ఇక్కడే నా అరుగు మీద కూర్చున్నాడు. రాగానే క్యాలెండరు కాగితం వెనక రాసి నాకిచ్చాడు. "అన్నా, తుడిచింది నేనే. పిల్ల తప్పేం లేదు. తాళం అడక్కు." ఇంతే రాశాడు. ఆ సాయంత్రమే బావ నీ ఉత్తరం తెచ్చాడు. అందులోనూ అదే కథ. ఇద్దరూ కలిసి నాకు టోపీ పెడదామనుకున్నారు. నువ్వు వాడి మీద వేశావు, వాడు నీ కోసం తన మీద వేసుకున్నాడు. నిన్న నీ రెండోది వచ్చాక వాడి ముందు పెట్టాను. చదివి కళ్ళు తుడుచుకుని, "అమ్మాయి చెప్పేసిందే" అన్నాడు. పెదాలు చూశాను. సంతోషంగానే అన్నాడు, వెధవ.

ఇప్పుడు నా సంగతి. ఇరవయ్యారేళ్ళ కిందట ఉయ్యూరు నుంచి ఒక లారీ వచ్చింది. ముందు రేకు సొట్టపడితే టింకరింగ్ చేసి రంగు వెయ్యాలి. దాని మీద అమ్మవారి బొట్టుంది. నాకు తొందర. తడిగుడ్డ తీసుకుని తుడిచేశాను. ఓనరు వచ్చి, "ఎవడ్రా తుడిచింది" అన్నాడు. గుడ్డ నా చేతిలోనే ఉంది. అప్పుడు మీ అమ్మ కడుపులో నువ్వున్నావు, షెడ్డు పెట్టి ఆరు నెలలు కాలేదు. లాజరు వచ్చి నా చేతిలోంచి గుడ్డ తీసుకుని, "నేనేనండీ" అన్నాడు. ఆయన వాణ్ణి రెండు లెంపకాయలు కొట్టాడు. నేను నోరెత్తలేదు. అప్పటికి నా చెవులు బాగానే వినపడేవి.

మర్నాడు లాజరే అన్నాడు, "అన్నా, ఇకనుంచి బొట్టు ఓనరు చేతే తుడిపిద్దాం, వాళ్ళకీ గౌరవం, మనకీ గొడవుండదు" అని. ఆ రూలు నాది కాదు, వాడిది. నా రూలు అని ఆటోనగర్ అంతా మెచ్చుకుంటుంటే ఊరుకున్నాను. శౌరమ్మకీ తెలియదు, మీ అమ్మకీ చెప్పలేదు. లాజరుని అడుగు, లాజరుని అడుగు అని నీ ప్రాణం తీసింది అందుకే. నీ పని నచ్చక కాదు. నీ పని నచ్చింది. పోయిన క్రిస్మస్‌కి వచ్చినప్పుడు నువ్వు చేసిన కారు మీద చెయ్యి పెట్టి చూశాను. గాజులా ఉంది. చెప్పాల్సింది, చెప్పలేదు. నోరు మూసుకోవడం నాకు అలవాటైపోయింది.

నీకు మూడు రోజులు పట్టింది చెప్పడానికి. నాకు ఇన్నేళ్ళు పట్టింది. నిన్న లాజరు ముందు నిలబడి తప్పు నాదేరా అన్నాను. వాడు ఏదో అన్నాడు గానీ నాకు పెదాలు సరిగ్గా కనపడలేదు.

తాళం సంగతి. నేను దాచుకోను, గోడౌన్ వాళ్ళకీ ఇవ్వను. లాజరు చేతిలో పెట్టాను. ఎవరికివ్వాలో వాడిష్టం. రేపు వాణ్ణి పంపను. వస్తానని గొడవ చేస్తున్నాడు, సంచీ దాచేశాను. రేపు ఆ కారు పక్కన నువ్వే నిలబడాలి. కొడుకుతో కాదు, తండ్రితో మాట్లాడు. బండి ఆయనది, బొట్టు ఆయనది.

నాన్న,
నతానియేలు

*

ఆటోనగర్
ఆదివారం సాయంత్రం

లాజరు బాబాయికి,

నాన్నకి కాదు, ఈ ఉత్తరం నీకే. కావాలంటే తర్వాత ఆయనకివ్వు.

నిన్న నాన్న ఉత్తరం అందగానే జాబ్ కార్డు మీదున్న నంబరుకి ఫోన్ చేసి, "బసవపున్నయ్య గారూ, రేపు మీరు కూడా రావాలండీ, ఒక మాట మీతోనే చెప్పాలి" అన్నాను. పదింటికి బాబీ ఐదుగురిని వేసుకుని వచ్చాడు. వెనకాలే మోటార్ సైకిల్ మీంచి పెద్దాయన దిగేసరికి బాబీ మొహం మాడిపోయింది. ఇరుగుపొరుగు షెడ్లవాళ్ళు మంగళవారం వచ్చినట్టే వచ్చి నిలబడ్డారు. మంచిదే అనుకున్నాను. ఆ రోజు విన్నవాళ్ళే ఇవాళా వినాలి.

కవర్ తీశాను. "తుడిచింది లాజరు బాబాయ్ కాదండీ. మీరొచ్చేదాకా ముట్టుకోవద్దని ఆయన నాకు చెప్పి వెళ్ళాడు. నేనే తుడిచాను, నేనే స్ప్రే కొట్టాను, ఆయన పేరు చెప్పాను, మీ అబ్బాయి ఆయన కాలర్ పట్టుకుంటే చూస్తూ నిలబడ్డాను. కాళ్ళు పట్టుకోమంటే నేను పట్టుకుంటాను" అన్నాను. ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చేశాను. బాబీ ఏదో అనబోతే పెద్దాయన చెయ్యెత్తి ఆపారు. బానెట్ దగ్గరకొచ్చి వంగి, చాలాసేపు చూశారు.

"నా చేలో పసుపమ్మా ఇది. ఈ ఏటి మొదటి కోత. నా చేత్తో నేను తుడుచుకుని, ఆ గుడ్డ కృష్ణలో వదుల్దామనుకున్నా" అన్నారు. నాకు తల ఎత్తాలనిపించలేదు. ఆయనే మళ్ళీ, "మరి ఇన్ని రోజులూ ఎండలో పెట్టావా?" అన్నారు.

"లేదండీ. రంగు పాడవుతుందని నీడలోనే కవర్ కప్పి ఉంచానండీ" అన్నాను.

ఆయన నా మొహం చూసి, తల పట్టుకున్నారు. "ఓసి పిచ్చి తల్లీ! పసుపు రంగు నిలవాలంటే నీడన దాస్తాం. పోవాలంటే ఎండన పడేస్తాం. పసుపు పండించేవాణ్ణి, నన్ను ఒక్క మాట అడిగితే మంగళవారమే చెప్పేవాణ్ణిగా!" అన్నారు. నేను అడగలేదు బాబాయ్. అడగాలంటే ముందు నిజం చెప్పాలి.

తర్వాత ఆయన బాబీ వైపు తిరిగి, "ఆయన కాలర్ పట్టుకున్నావంట, నిజమా?" అన్నారు. వాడు నేల చూశాడు. "బుధవారం వస్తాను. వీడూ వస్తాడు. ఆ లాజరు గారు ఉండాలి. మిగిలిన పసుపు నేను తుడుచుకుంటా. మీ ఇద్దరూ ఆయనకి చెప్పుకోవాల్సింది చెప్పుకోండి. క్షమించమని నన్నడగొద్దమ్మా, పట్టుకుంది నా కాలర్ కాదు" అని వెళ్ళిపోయారు. బాబీ మాత్రం వెనక్కొచ్చి, "ఎక్కడుంటారండీ ఆయన?" అని మెల్లగా అడిగాడు. బుధవారం ఇక్కడే అడగండి అన్నాను. నువ్వొస్తావో రావో నాకు తెలియకుండానే అనేశాను.

మధ్యాహ్నమంతా కారు ఎండలో ఉంది. మచ్చ అంచులు అప్పుడే పలచబడ్డాయి. బుధవారానికి ఎంత మిగులుతుందో చూడాలి. ఆ రోజు ఆయన ముందే నా పొర పాలిష్‌తో తీసి, పెద్దాయన తుడుచుకున్నాక, రేకు చల్లబడితే మళ్ళీ మొదటి నుంచి కొట్టాలి. శౌరమ్మ పిన్ని ఇంటికెళ్ళి జరిగినదంతా చెప్పాను. నన్ను తిట్టింది, తర్వాత అన్నం పెట్టింది. క్యారేజీ కడిగి ఇచ్చొచ్చాను. నీ ఏప్రాన్ మేకుకే ఉంది.

నా దగ్గరున్న రెండో తాళం కూడా ఇందులో పెడుతున్నాను. రేపటి నుంచి షట్టరు నేను తియ్యలేను. నీకు తియ్యాలనిపిస్తే రా, లేదంటే వద్దు, నాకు కోపం రాదు. కారు బయట ఎండలోనే ఉంది, వాచ్‌మన్‌కి అప్పగించాను. బానెట్ మాత్రం నేను ముట్టుకోలేదు బాబాయ్.

నీ అమ్మాయి,
వినీల